50 క్లాసు నైట్రో హెలీ: హోవర్‌లో బాగానే ఉంది, ఐడిల్ అప్‌కి వెళ్తే ఒళ్ళంతా అదురు

కొత్తరెక్క:
అందరికీ నమస్కారం. రెండు వారాలుగా ఇదే గోల, ఇక నా వల్ల కాక ఇక్కడ పెడుతున్నాను.

నాది రిమోట్‌తో ఎగిరే 50 క్లాసు నైట్రో హెలీ (నైట్రో ఫ్యూయల్‌తో నడిచే మోడల్ హెలికాప్టర్), 600 మి.మీ. కార్బన్ బ్లేడ్లు, ఫ్లైబార్‌లెస్ యూనిట్ (తిరుగుడుని పసిగట్టే జైరోతో హెలీని నిలకడగా ఉంచే పెట్టె), గవర్నర్ (ఇంజన్ స్పీడుని ఒకే చోట పట్టి ఉంచేది) ఉన్నాయి. మెయిన్ గేర్ నిష్పత్తి 8.5 (పై బ్లేడ్లు ఒక చుట్టు తిరిగితే ఇంజన్ 8.5 చుట్లు). పోయిన నెల దించేటప్పుడు పక్కకి ఒరిగి బ్లేడ్లు నేలకి కొట్టుకున్నాయి. మెయిన్ షాఫ్ట్, ఫెదరింగ్ షాఫ్ట్ (రెండు బ్లేడ్లనీ కలిపే అడ్డ కడ్డీ), బ్లేడ్లు, మెయిన్ గేర్ అన్నీ కొత్తవి వేశాను. పనిలో పనిగా క్లచ్ లైనింగ్ కూడా అరిగిందని ఇంజన్ దించి మార్చాను.

ఇప్పుడు హెడ్ స్పీడు (పై బ్లేడ్లు నిమిషానికి తిరిగే చుట్లు) 1600 దగ్గర, గాల్లో ఒకే చోట నిలిపే హోవర్‌లో పర్వాలేదు. ఐడిల్ అప్ (విన్యాసాలకి స్పీడు పెంచే స్విచ్చు) వేసి 2000కి వెళ్ళగానే తోక ఫిన్ (నిలువు రెక్క) అంచు రెండుగా కనిపిస్తుంది. ఫ్యూయల్ ట్యూబులో సన్న బుడగలు. ఒక నిమిషం ఎగిరేసరికి తోక తనంతట తానే ఎడమకి జారడం మొదలవుతుంది. బ్లేడ్లు రెండుసార్లు బ్యాలెన్స్ చేశాను, ట్రాకింగ్ (రెండు బ్లేడ్లూ ఒకే ఎత్తులో తిరుగుతున్నాయా అని) కూడా చూశాను. తేడా ఏమీ లేదు.

ఇంజన్ పోయినట్టేనా? బేరింగులు ఆర్డర్ పెట్టేయనా?

నైట్రోపొగ:
బేరింగులే. కళ్ళు మూసుకుని చెప్తాను. నాకూ అచ్చం ఇలాగే అయితే ఇంజన్ విప్పి చూశాను, వెనక బేరింగు గోళీలన్నీ ఎర్రగా తుప్పు పట్టి ఉన్నాయి. రోజు ఫ్లయింగ్ అయ్యాక ఇంజన్‌లో మిగిలిన ఫ్యూయల్ కాల్చేసి తుప్పు పట్టకుండా ఆఫ్టర్ రన్ ఆయిల్ వేస్తున్నారా?

కొత్తరెక్క:
వేస్తానండీ. చాలాసార్లు వేస్తాను.

నైట్రోపొగ:
"చాలాసార్లు" అన్నప్పుడే అర్థమైంది :)

ఎలక్ట్రిక్ పక్షి:
మోటారు పెట్టేసుకోండి బ్రదర్. బుడగలూ ఉండవు, పొగా ఉండదు, ఈ థ్రెడ్డూ ఉండదు.

బేరింగ్ బాబాయి:
ఆగండి, ఇంకా ఏమీ ఆర్డర్ పెట్టకండి. బేరింగులే కావచ్చు, కాకపోవచ్చు. ముందు ఆ అదురు ఎంత వేగంతో వస్తోందో పట్టుకోవాలి. హెలీలో మూడు రకాల వేగాలతో తిరిగేవి ఉంటాయి, పాడైంది ఏదైతే దాని వేగంతోనే అదురు పుడుతుంది.

మీ లెక్కే తీసుకుందాం. హెడ్ 1800 అనుకోండి, అంటే సెకనుకి 30 చుట్లు. తోక నిష్పత్తి సుమారు 4.5 అయితే తోక షాఫ్ట్ నిమిషానికి 8100, సెకనుకి 135. ఇంజన్ 8.5 రెట్లు, అంటే 15,300, సెకనుకి 255. 30 దగ్గరున్న అదురు కంటికి కనిపిస్తుంది: స్కిడ్లు (కింది కాళ్ళు) ఊగుతాయి, కనోపీ (ముందు తొడుగు) తల ఊపుతుంది. అది బ్లేడ్లు, ఫెదరింగ్ షాఫ్ట్, హెడ్‌లోని డ్యాంపర్ రబ్బర్లు, మెయిన్ షాఫ్ట్ వంకర. 255 దగ్గరున్నది ఊగదు, ఝుమ్మంటుంది. అంచులు మసకబారతాయి, ఫ్యూయల్ నురగ కడుతుంది, జైరోకి మతి పోతుంది. మీరు చెప్పిన మూడు లక్షణాలూ రెండో జాబితాలోవే. మీరేమో రెండు వారాలుగా మొదటి జాబితాలోని బ్లేడ్ల వెంట పడ్డారు.

అయితే ఇంజనా, తోకా అన్నది ఇప్పుడే చెప్పలేం. తోక బ్లేడ్లో, తోక షాఫ్టో వంకర ఉన్నా ఫిన్ ఇలాగే మసకబారుతుంది.

స్వాష్‌ప్లేట్:
బాబాయి గారి మాటకి చిన్న చేర్పు. బుడగల్ని తేలిగ్గా తీసుకోవద్దు. నురగ వల్ల ఇంజన్‌కి ఫ్యూయల్‌తో పాటు గాలి వెళ్తుంది, లీన్ అవుతుంది (ఫ్యూయల్ తగ్గిపోతుంది), వేడెక్కుతుంది. మనమేమో లీన్ అయిందని ఫ్యూయల్ పెంచడానికి నీడిల్ (కార్బ్యురేటర్ మీది మర) విప్పుతూ పోతాం. మీరు ఈ మధ్య నీడిల్ ఎన్ని క్లిక్కులు విప్పారు?

కొత్తరెక్క:
నాలుగు. మీకెలా తెలుసు?

స్వాష్‌ప్లేట్:
నేనూ విప్పాను కాబట్టి. అదురు సంగతి తేలేదాకా ఇక నీడిల్ ముట్టుకోకండి. మరీ రిచ్ అయితే (ఫ్యూయల్ ఎక్కువైతే) ఇంజన్ ఒక చుట్టు వదిలి ఒక చుట్టు కాలుతుంది, దానితో ఇంకో రకం దడదడ వచ్చి చేరుతుంది. అప్పుడు రెండు జబ్బులు కలిసిపోయి ఏది ఏదో తెలియదు. ట్యాంకు రబ్బర్లు కూడా చూడండి. ట్యాంకు నేరుగా ఫ్రేముకి ఆనుకుని ఉంటే కొద్దిపాటి అదురుకే నురగ కడుతుంది.

ఇంకోటి, ఫోన్‌లో వైబ్రేషన్ యాప్ పెట్టి ఫ్రేముకి కట్టి చూడొచ్చు కదా?

బేరింగ్ బాబాయి:
ఫోన్‌తో జాగ్రత్త. దానిలోని అదురు కొలిచే సెన్సార్ యాప్‌లో సెకనుకి 100 సార్లు చదివితే, 50కి పైనున్న అదురుని సరిగ్గా చూపించలేదు. 255 దగ్గరున్నదాన్ని ఏ 45 దగ్గరో ఉన్నట్టు చూపిస్తుంది. మీరు హెడ్ అనుకుని హెడ్ విప్పుతారు.

మైకుతో శబ్దం గ్రాఫు తీసే యాప్ అయితే 255 తేలిగ్గానే అందుతుంది. కానీ టూ స్ట్రోక్ ఇంజన్ చుట్టుకొకసారి పేలుతుంది కాబట్టి, దివ్యంగా ఉన్న ఇంజన్ అయినా 255 దగ్గర పెద్ద శిఖరం చూపిస్తుంది. శబ్దానికీ అదురుకీ తేడా దానికి తెలియదు. కొన్ని ఫ్లైబార్‌లెస్ యూనిట్లలో అదురు కొలిచి చూపించే సదుపాయం ఉంటుంది, మీ దానిలో ఉంటే అది నమ్మొచ్చు.

కొత్తరెక్క:
నాది పాత యూనిట్, ఆ సదుపాయం లేదు. మరి ఎలా?

బేరింగ్ బాబాయి:
ఒక్కోటీ తీసేసి చూడటమే. మెయిన్ బ్లేడ్లు, తోక బ్లేడ్లు తీసేసి స్టార్ట్ చేయండి. ఫిన్ చివర తెల్ల టేపు ముక్క నిలువుగా అతికించండి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీయండి. బ్లేడ్లు లేకపోయినా మసక అలాగే ఉంటే బ్లేడ్ల పాపం ఏమీ లేదు. తర్వాత తోక డ్రైవ్ విడదీసి మళ్ళీ చూడండి. అప్పటికీ ఉంటే ఇక ఇంజన్ వైపే.

నైట్రోపొగ:
బాబాయి గారూ, మీ మీద గౌరవం ఉంది కానీ బ్లేడ్లు లేకుండా నైట్రో ఇంజన్‌ని తిప్పమనడం ప్రమాదం. లోడు లేకపోతే థ్రాటిల్ కాస్త కదిపినా ఆర్‌పీఎం ఆకాశానికి పోతుంది. కనెక్టింగ్ రాడ్ విరిగి బయటికి వచ్చిన ఇంజన్‌ని నేను చేత్తో పట్టుకున్నాను.

బేరింగ్ బాబాయి:
మీరన్నది నిజం, నేనే వివరంగా రాయాల్సింది. గవర్నర్ ఆఫ్ చేయాలి. ఐడిల్ అప్ జోలికి వెళ్ళకూడదు. థ్రాటిల్ కర్వ్ పై భాగం కోసేసి, స్టిక్ చివరికి నెట్టినా కార్బ్యురేటర్ కొద్దిగానే తెరుచుకునేలా పెట్టుకోవాలి. ట్రాన్స్‌మిటర్ తెర మీద ఆర్‌పీఎం చూస్తూ 1800 దాటకుండా, ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా చేయాలి. వేలు థ్రాటిల్ హోల్డ్ (థ్రాటిల్‌ని వెంటనే కిందకి దించే స్విచ్చు) మీదే ఉండాలి. స్కిడ్లు బరువైన పలకకి కట్టేయాలి. బ్లేడ్లు లేవు కదా అని దగ్గరికి వంగి చూడొద్దు, బ్లేడ్లని పట్టుకునే గ్రిప్పులు కూడా అదే వేగంతో తిరుగుతాయి. అందుకే వీడియో తీయమన్నాను.

మౌనవీక్షకుడు:
మధ్యలో దూరినందుకు ఏమీ అనుకోకండి. నాది కూడా అదురే, కానీ నేల మీద స్పూల్ అప్ అవుతున్నప్పుడు (బ్లేడ్లు వేగం అందుకునేటప్పుడు) మాత్రమే. తక్కువ స్పీడులో కోడిపుంజులా గెంతుతుంది, తర్వాత సర్దుకుంటుంది. ఇది కూడా ఇంజనేనా?

స్వాష్‌ప్లేట్:
కాదు, అది హెడ్. బ్లేడ్ బోల్టులు మరీ బిగించారేమో చూడండి. హెలీని పక్కకి వంచి పట్టుకుంటే బ్లేడ్లు వాటి బరువుకి మెల్లగా వాలాలి. బిగుసుకుపోతే తిరిగేటప్పుడు నిటారుగా సర్దుకోవు. మరీ జారిపోతున్నా తప్పే. డ్యాంపర్ రబ్బర్లు కూడా నలిగిపోయి ఉండొచ్చు. మిగతాది వేరే థ్రెడ్ తెరిచి మాట్లాడుకుందాం, ఇక్కడ ఈయన హెలీ టేబుల్ మీద కడుపు విప్పి ఉంది.

కొత్తరెక్క:
చేశాను. చెప్పినట్టే పలకకి కట్టి, గవర్నర్ ఆపేసి.

బ్లేడ్లు అన్నీ తీసేశాక 1600 దగ్గర టేపు ముక్క గీతలా స్పష్టంగా ఉంది. 1800 దగ్గర చీపురు కుచ్చులా విచ్చుకుంది. తోక డ్రైవ్ విడదీసినా అంతే, కాస్త తగ్గిందేమో కానీ ఉంది. అంటే ఇంజనే కదా? బేరింగులే కదా?

నైట్రోపొగ:
:)

బేరింగ్ బాబాయి:
ఇంజన్ వైపు అన్నాను, ఇంజన్ అనలేదు. అటువైపు ఇంజన్‌తో పాటు కూలింగ్ ఫ్యాన్, ఫ్యాన్ హబ్ (ఫ్యాన్, క్లచ్ కూర్చునే మధ్య ముక్క), క్లచ్ ఉన్నాయి. ఇవన్నీ క్రాంక్ షాఫ్ట్ వేగంతోనే తిరుగుతాయి. ఇప్పుడు చెప్పండి, క్రాష్ తర్వాత మీరు చేత్తో విప్పి బిగించినవి ఏవి?

కొత్తరెక్క:
ఫ్యాన్, హబ్, క్లచ్. మూడూ.

బేరింగ్ బాబాయి:
వింటున్నారా పొగ గారూ.

నైట్రోపొగ:
వింటున్నాను. నా పందెం ఇంకా బేరింగుల మీదే.

బేరింగ్ బాబాయి:
బేరింగుల పరీక్ష రెండు నిమిషాల పని. ప్లగ్ తీసేయండి, క్లచ్ పక్కకి పెట్టండి, ఫ్యాన్ పట్టుకుని మెల్లగా తిప్పండి. ఇసుక నలిగినట్టు వేలికి గరగర తగిలితే తుప్పు. పైకీ కిందకీ ఊపితే టిక్కుమని ఆట తెలిస్తే అరుగుదల. రెండూ లేకపోతే బేరింగుల మాట వదిలేద్దాం.

తర్వాత, తిరిగేది ఎంత పక్కకి పోతోందో ముల్లుతో చూపించే డయల్ గేజ్ కావాలి. ఎవరి దగ్గరైనా దొరుకుతుందా?

కొత్తరెక్క:
మా మామయ్యకి లేత్ పని ఉంది, ఆయన దగ్గర తెస్తాను. బేరింగులు చూశాను, గరగర లేదు, ఆట లేదు. ఎలా పెట్టాలో చెప్పండి.

బేరింగ్ బాబాయి:
ఇది ఓపికగా చేయాల్సిన పని. ఇంజన్ ఫ్రేములో ఉండగానే చేయొచ్చు, బయట టేబుల్ మీద పలకకి బోల్టు వేసి చేస్తే ఇంకా సులువు. గేజ్ స్టాండు, ఇంజన్ రెండూ ఒకే పలక మీద కదలకుండా ఉండాలి. లేకపోతే మీ చెయ్యి వణుకే కొలుస్తారు.

ముందు ఫ్యాన్, హబ్ తీసేసి ఉత్త క్రాంక్ షాఫ్ట్ మీద గేజ్ ముల్లు ఆనించి ఒక చుట్టు తిప్పండి. తర్వాత హబ్ బిగించి, క్లచ్ కూర్చునే చోట ముల్లు ఆనించి ఇంకో చుట్టు. రెండు అంకెలూ నాకు కావాలి. హబ్ మీద ఎత్తు ఎక్కువ చూపించిన చోట మార్కర్‌తో చుక్క పెట్టండి, దానికి ఎదురుగా షాఫ్ట్ మీద కూడా ఒక చుక్క.

నట్టు విప్పడానికి ప్లగ్ కన్నంలోంచి పిస్టన్‌కి అడ్డం పెట్టే పద్ధతి నాకు నచ్చదు. బలమంతా పిస్టన్ తల మీదా, కనెక్టింగ్ రాడ్ మీదా పడుతుంది. వెనక మూత తీసి క్రాంక్‌ని పట్టి ఉంచే టూల్ వాడండి.

ఎలక్ట్రిక్ పక్షి:
నేను సరదాగా అన్నాను కానీ ఈ థ్రెడ్ ఆసక్తిగా ఉంది. ఒక సందేహం. ఆ హబ్ ఎంత, ఆ ఫ్యాన్ ఎంత? మొత్తం కలిపి వంద గ్రాములు ఉంటుందేమో. వెంట్రుక మందం పక్కకి ఉంటే అంత తేడా వస్తుందా?

బేరింగ్ బాబాయి:
మంచి ప్రశ్న. లెక్క వేద్దాం. వంద గ్రాములు, కేంద్రం నుంచి సగటున 0.05 మి.మీ. పక్కకి జరిగింది అనుకుందాం. హెడ్ 2000 అంటే ఇంజన్ 17,000. ఆ వేగంలో బయటికి లాగే బలం దాదాపు 16 న్యూటన్లు, అంటే ఇంచుమించు 1.6 కిలోల బరువు. ఆ బరువు సెకనుకి 283 సార్లు చుట్టూ తిరుగుతూ ఫ్రేముని గుంజుతుంది. వేగం పెరిగితే బలం దాని వర్గంలో పెరుగుతుంది కాబట్టి, ఈయన హోవర్ స్పీడు 1600 దగ్గర అదే బలం ఒక్క కిలోనే. హోవర్‌లో పర్వాలేదు, ఐడిల్ అప్‌లో పరువు పోయింది అనడానికి సగం కారణం అక్కడే ఉంది. మిగతా సగం తోక గొట్టం, అంటే బూమ్‌ది. ఒక వేగం దగ్గర అది శ్రుతి కలిపి తనూ మోగుతుంది.

మన బ్లేడ్ల సంగతి ఇంతకన్నా భయంకరం. బ్లేడు కొస దగ్గర ఒక్క గ్రాము తేడా ఉంటే, 1800 దగ్గర రెండు కిలోలకు పైనే. కాకపోతే అది సెకనుకి 30 సార్లే కాబట్టి అందరికీ కనిపిస్తుంది, అందరం బ్లేడ్లే బ్యాలెన్స్ చేస్తాం.

ఒకటి మాత్రం గుర్తుంచుకోండి. ఒకే సిలిండర్ ఇంజన్‌ని పూర్తిగా బ్యాలెన్స్ చేయడం ఎవరి తరమూ కాదు. పిస్టన్ పైకీ కిందకీ పోతుంది, క్రాంక్ మీదున్న ప్రతిబరువు గుండ్రంగా తిరుగుతుంది. ఒకదాన్ని ఒకటి కొంతవరకే మింగగలవు. కాబట్టి అదురు సున్నా కావాలని ఎదురుచూడొద్దు.

కొత్తరెక్క:
గేజ్ దొరికింది, అంకెలు ఇవిగో.

ఉత్త షాఫ్ట్ మీద 0.01 మి.మీ. హబ్ బిగించాక క్లచ్ కూర్చునే చోట 0.12. మూడుసార్లు తిప్పి చూశాను, ముల్లు అంతే కదులుతోంది.

బేరింగ్ బాబాయి:
దొరికాడు. నేనైతే 0.05 దాటితే ఒప్పుకోను, 0.03 లోపు వస్తే చేతులు కడుక్కుంటాను. 0.12 అంటే చాలా ఎక్కువ. షాఫ్ట్ నిటారుగా ఉంది, అది శుభవార్త.

ఇప్పుడు నట్టు వదులు చేసి, హబ్‌ని షాఫ్ట్ మీద పావు చుట్టు తిప్పి మళ్ళీ బిగించి కొలవండి. ఎత్తు చుక్క హబ్‌తో పాటు జరిగిందా, షాఫ్ట్ చుక్క దగ్గరే ఉండిపోయిందా చెప్పండి. హబ్‌తో జరిగితే దోషం హబ్‌లో. షాఫ్ట్ దగ్గరే ఉంటే షాఫ్ట్ మీద హబ్ ఆనుకునే చోట.

కొత్తరెక్క:
హబ్‌తో పాటే జరిగింది. 0.11. అంటే ఒరిగినప్పుడు హబ్ వంగిపోయిందన్నమాట. కొత్త హబ్ ఆర్డర్ పెట్టేస్తున్నాను.

బేరింగ్ బాబాయి:
మీకు ఆర్డర్ పెట్టడం మీద ఉన్న శ్రద్ధ చూడటం మీద లేదు :) హబ్ తీసి వెనక ముఖం మంచి వెలుతురులో చూడండి. కంటితో కాదు, గోటితో.

కొత్తరెక్క:
బాబాయి గారూ, దండం.

హబ్ వెనక ముఖం నల్లగా నూనె పట్టి ఉంది. ఆల్కహాల్‌తో తుడిస్తే శుభ్రంగానే కనిపించింది. కానీ గోరు పెట్టి చుట్టూ రాస్తే ఒక అంచున గోరు చిన్నగా ఎక్కి దిగింది. వంచి లైటు కింద పెడితే నీలంగా, కందిగింజలో సగం కూడా లేని పొలుసు. బ్లేడు అంచుతో గీకితే కరకరమని ఊడి వచ్చింది. పాత లాక్ ద్రవం (నట్టు ఊడకుండా వేసేది)! పోయినసారి మరమ్మతులో నట్టుకి వేసింది గట్టిపడి ఉంది. నేను నట్టు విప్పినప్పుడు పొడిగా రాలి ఉంటుంది. దానిలో ఒక పెళ్ళ ఆ మధ్యలో పడింది, తుడవకుండా నేను పైనుంచి బిగించేశాను.

మామయ్య మైక్రోమీటర్‌తో ఆ పొలుసుని కొలిచారు. 0.03 మి.మీ.

ఎలక్ట్రిక్ పక్షి:
0.03 పొలుసుకి 0.12 ఎలా వచ్చింది?

స్వాష్‌ప్లేట్:
నేను ప్రయత్నిస్తాను. హబ్ ఆనుకునే ముఖం 10 మి.మీ. వెడల్పు అనుకోండి. ఒక అంచున 0.03 ఎత్తు లేస్తే హబ్ అంతా వాలిపోతుంది. గేజ్ పెట్టిన చోటు అక్కడినుంచి 20 మి.మీ. పైన ఉంటే, అక్కడికి వెళ్ళేసరికి వాలు రెట్టింపై 0.06 పక్కకి వస్తుంది. ఒక చుట్టులో అటు 0.06, ఇటు 0.06. ముల్లు 0.12 తిరుగుతుంది. కుర్చీ ఒక కాలు కింద కాగితం మడత పెడితే కూర్చున్నవాడి తల ఎంత పక్కకి పోతుందో అలాగ.

బేరింగ్ బాబాయి:
అంతే. పొలుసు హబ్‌కి అంటుకుని ఉంది కాబట్టి హబ్‌ని తిప్పితే చుక్క కూడా దానితో తిరిగింది. వంగిన హబ్ అయినా ఇలాగే చూపించేది, అందుకే గోరు పెట్టమన్నాను.

ఇప్పుడు రెండు ముఖాలూ ఆల్కహాల్‌తో కడిగి ఆరనివ్వండి. నట్టు, షాఫ్ట్ మరల్లో పాత లాక్ అంతా పళ్ళ బ్రష్‌తో తోమేయండి. కొత్తది ఒక్క చుక్క, మరల మీదే, ముఖాల మీదకి పాకకుండా. ప్లాస్టిక్‌కి తగిలించొద్దు, పగిలిపోతుంది. లాక్ వేసే ముందే నాలుగు స్థానాల్లో బిగించి గేజ్ చూసుకోండి, తక్కువ వచ్చిన చోట ఖాయం చేయండి.

ఇంజన్ ఫ్రేములో ఎక్కించేటప్పుడు మౌంట్ బోల్టులు ముందే బిగించేయకండి. వదులుగా ఉంచి, స్టార్టర్ షాఫ్ట్ తిప్పుతూ క్లచ్‌ని బెల్ (క్లచ్ చుట్టూ ఉండే గిన్నె) మధ్యలో తనంతట తాను సర్దుకోనివ్వండి. తర్వాత బోల్టులు మూలమూలగా కొద్దికొద్దిగా బిగించండి. చిన్న గేరు పినియన్‌కీ మెయిన్ గేర్‌కీ మధ్య పలచటి కాగితం ముక్క పెట్టి సందు చూడండి. కాగితం మడత పడి రావాలి, చిరగకూడదు.

కొత్తరెక్క:
నాలుగు స్థానాల్లో 0.03, 0.04, 0.02, 0.03 వచ్చాయి. మూడోదాని దగ్గర బిగించాను.

ఈరోజు ఉదయం గాలి లేదు, నాలుగు ట్యాంకులు ఎగిరాను. 2000 దగ్గర ఫిన్ అంచు ఒకటే గీత. ట్యూబులో బుడగ ఒక్కటి కూడా లేదు. విప్పిన నాలుగు క్లిక్కుల్లో మూడు మళ్ళీ మూయాల్సి వచ్చింది. తోక జారడం లేదు. జైరో కింద ఫోమ్ టేపు ఎలాగూ గట్టిపడి ఉందని అదీ మార్చాను.

ఒక్కటే మిగిలింది. స్పూల్ అప్‌లో 1750 దాటేటప్పుడు ఒక్క క్షణం ఫిన్ ఝుమ్మని మళ్ళీ నిలబడుతుంది.

బేరింగ్ బాబాయి:
దాటి వెళ్ళిపోతుంటే వదిలేయండి, అది బూమ్ శ్రుతి. సరిగ్గా ఆ స్పీడులో ఎగరకుండా ఉంటే చాలు. బూమ్ సపోర్టు కడ్డీల చివర్లు మాత్రం చేత్తో మెలితిప్పి చూడండి. అతుకు ఊడి తిరుగుతుంటే మళ్ళీ అతికించండి.

కొత్తరెక్క:
ఎడమది తిరుగుతోంది! రాత్రికి అతికిస్తాను.

ఇంకో విషయం ఒప్పుకోవాలి. మొదటి పోస్టు పెట్టిన రోజే, మీరు వద్దనేలోపే, బేరింగులు ఆర్డర్ పెట్టేశాను. ఈరోజు వచ్చాయి. తిప్పి పంపనా?

నైట్రోపొగ:
ఉంచుకోండి. ఆఫ్టర్ రన్ ఆయిల్ "చాలాసార్లు" వేసేవాళ్ళకి అవి ఎప్పుడో ఒకప్పుడు పనికొస్తాయి.